ఇంజనుకీ కాళ్ళుంటాయి

వెంకటాచలం టోల్‌గేటు దగ్గర కారు ఆపితే చాలు, నా స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. కదిలాక మామూలే. హైవే మీద వందలో పోతున్నా ఒక్క చేత్తో పట్టుకుంటే బుద్ధిగా ఉండేది. నెల్లూరు ట్రంకు రోడ్డులో సిగ్నలు పడి ఆగామా, మళ్ళీ మొదలు. ఏసీ వేస్తే ఇంకొంచెం ఎక్కువ. మే నెలలో నెల్లూరులో ఏసీ కట్టేసి కార్లో కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి?

అందరూ చేసే పనే నేనూ చేశాను. ముందు వీల్ బ్యాలెన్సింగూ, అలైన్‌మెంటూ చేయించా. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆగివున్న కారులో చక్రాలు తిరగవు కదా, తిరగని చక్రం స్టీరింగుని ఎట్లా ఊపుతుంది? తర్వాత ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళితే స్కానరు తగిలించి చూశారు. "కోడ్స్ ఏమీ లేవు సార్, బండి కండిషన్‌లోనే ఉంది" అన్నారు. అయినా థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి, ప్లగ్గులు మార్చి, బిల్లు చేతిలో పెట్టారు. రెండ్రోజులు తగ్గినట్టు అనిపించింది. ఇచ్చిన డబ్బులకి మనసు చెప్పుకున్న సమాధానం అది, అంతే.

చివరికి మైపాడు రోడ్డులో ఒక చిన్న షెడ్డుకి వెళ్ళాను. ఆ మెకానిక్ బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వేయించి, నన్ను బ్రేకు గట్టిగా తొక్కిపట్టి ఒకసారి ఫస్టు గేరులో, ఒకసారి రివర్సులో క్లచ్చి కొద్దిగా వదలమన్నాడు. తను పక్కకి నిలబడి చూశాడు. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు.

"ఇంజను బాగానే ఉండాదన్నా. దాని కాళ్ళే పొయినాయి."

కాళ్ళంటే ఇంజన్ మౌంటింగులు. ఇంజనుకీ కారు బాడీకీ మధ్య ఉండే రబ్బరు దిమ్మలు. అవి పోయాయని ఏ స్కానరూ చెప్పదు, ఎందుకంటే ఆ రబ్బరుకి ఏ సెన్సరూ ఉండదు. లాగ్‌లో ఎర్రర్ లేదు కాబట్టి బగ్ లేదు అని టెస్టింగు వాళ్ళతో వాదించిన రోజులు నాకు గుర్తొచ్చాయి. మీకూ వచ్చే ఉంటాయి :)

ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు దీని చరిత్ర చదివాను. చదివాక తెలిసిందేమిటంటే, నేను వేసుకున్న ప్రశ్నే తప్పు. "బండి ఎందుకు వణుకుతోంది?" అని కాదు, "ఇన్నాళ్ళూ ఎందుకు వణకలేదు?" అని అడగాలి. ఇంజను పుట్టినప్పట్నించీ వణుకుతూనే ఉంది. ఆ వణుకు మన చేతిదాకా రాకుండా ఇంజనీర్లు నూట పాతికేళ్ళుగా ఒక పొర మీద ఇంకో పొర వేసుకుంటూ వచ్చారు. వణుకు బయటపడిందంటే వాటిలో ఒకటి చిరిగిందని అర్థం. ఏ పొర ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలిస్తే ఎక్కడ చిరిగిందో వెతకడం తేలిక. అందుకే ఈ చరిత్ర పాఠం.

పొలంలో ఆయిల్ ఇంజను

పెన్నా కింద పొలాల్లో ఆయిల్ ఇంజను ఆడుతుంటే చూసినవాళ్ళకి సగం పాఠం వచ్చేసినట్టే. ఒకే సిలిండరు, పెద్ద ఫ్లైవీలు, సిమెంటు దిమ్మె మీద బోల్టులతో బిగింపు. పాతకాలపు నిదానం రకం నిమిషానికి 650 చుట్లు తిరుగుతుందనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది, అంటే సెకనుకి అయిదు దెబ్బలు. ఆ టుక్ టుక్ టుక్ మనం లెక్కపెట్టుకోవచ్చు. దిమ్మెకున్న బోల్టు వదులైతే ఇంజను గంతులేస్తుంది. మన మెకానిక్కులు కారు మౌంటింగుని ఇప్పటికీ ఫౌండేషన్ అని పిలవడం ఇట్లాంటి ఇంజన్ల దగ్గర్నించే వచ్చి ఉంటుందని నా ఊహ.

ఈ ఊపుకి కారణాలు రెండు. ఒకటి, పేలిన ప్రతిసారీ గ్యాసు క్రాంకుని ఒక వైపు తిప్పితే, ఇంజను దిమ్మ రెండో వైపు తిరగబోతుంది. న్యూటన్ మూడో సూత్రం, స్కూల్లో చదువుకున్నదే. రెండు, పైకీ కిందకీ పరుగెత్తే పిస్టను బరువు. ఈ రెండోది వేగం వర్గంతో పెరుగుతుంది. ఆర్పీఎం రెట్టింపైతే ఊపు నాలుగింతలు. కాబట్టి ఐడ్లింగులో రెండోదాని వాటా తక్కువ, మొదటిదే అసలు దొంగ. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథ దీని మీదే నడుస్తుంది.

లాంచెస్టరు లెక్కలు

తొలి కార్లలో ఈ ఊపుని బుద్ధిగా లెక్కగట్టినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది ఇంగ్లండుకి చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టరు (1868-1946). మనలో కొందరికి ఈయన ఆపరేషన్స్ రీసెర్చి క్లాసులో తగిలుంటాడు. యుద్ధంలో సేనల బలం సంఖ్య వర్గం మీద ఆధారపడుతుందని చెప్పింది ఈయనే. విమానం రెక్కకి లిఫ్టు ఎట్లా వస్తుందనే సిద్ధాంతంలోనూ ఈయన పేరుంటుంది. 1897లోనే రెండు క్రాంకులు ఎదురెదురుగా తిరిగే ఇంజను కట్టాడు, ఒకదాని ఊపుని ఇంకోటి కొట్టెయ్యాలని. తర్వాత 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో బ్యాలెన్స్ షాఫ్టు ఆలోచన పెట్టాడు. వరసగా నాలుగు సిలిండర్లున్న ఇంజన్లో పిస్టన్ల వల్ల చుట్టుకి రెండుసార్లు పైకీ కిందకీ ఒక ఊపు మిగిలిపోతుంది. క్రాంకుకి రెట్టింపు వేగంతో తిరిగే రెండు బరువు షాఫ్టులు దాన్ని కొట్టేస్తాయి. ఆ ఆలోచన చాలాకాలం మూలన పడి ఉంటే, 1975లో మిత్సుబిషి సైలెంట్ షాఫ్టు పేరుతో మళ్ళీ బయటికి తీసింది. పోర్షె కూడా తన 944 కారు కోసం మిత్సుబిషి దగ్గర లైసెన్సు కొనుక్కుంది.

గొప్ప పొరే. కానీ ఇది పిస్టను ఊపుకి మందు, అంటే వేగంగా తిరిగే ఇంజనుకి. టోల్‌గేటు దగ్గర 800 ఆర్పీఎంలో కూర్చున్న ఇంజను గ్యాసు దెబ్బకి పక్కలకి ఒరిగే ఒరుగుడికి ఇది మందు కాదు. అదృష్టం కొద్దీ ఈ పొర మామూలుగా చెడిపోదు కూడా. వెతికేటప్పుడు దీన్ని చివరికి పెట్టేయండి.

1931: రబ్బరు కాళ్ళు

అసలు మందు 1931లో వచ్చింది. అప్పటిదాకా చాలా కార్లలో ఇంజన్ని ఛాసిస్‌కి గట్టిగా బిగించేవాళ్ళు, లేకపోతే మధ్యలో నామమాత్రంగా ఏదో రబ్బరో తోలో వేసేవాళ్ళు. మెత్తగా నడవాలంటే ఆరో ఎనిమిదో సిలిండర్లున్న ఖరీదైన కారు కొనాల్సిందే. 1929 తర్వాత అమెరికాలో మాంద్యం, జనం దగ్గర డబ్బుల్లేవు. క్రైస్లర్ కంపెనీ తన చవక బ్రాండు ప్లిమత్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్నే రెండు రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెట్టింది. ముందుది పైన, వెనకది కింద. ఆ రెంటినీ కలిపే గీత ఇంజను గరిమనాభి గుండా పోయేటట్టు అమర్చారు. అంటే ఇంజను ఏ ఇరుసు మీద ఒరగాలనుకుంటుందో ఆ ఇరుసు మీదే ఒరగనిచ్చారన్నమాట. మరీ ఎక్కువ ఒరక్కుండా పక్కన ఒక స్ప్రింగు పట్టీ. దానికి ఫ్లోటింగ్ పవర్ అని పేరు పెట్టి ఊరూరా ప్రచారం చేశారు.

ఫ్రాన్సులో సిట్రోయెన్ 1932లో ఈ హక్కులు కొనుక్కుని, నీళ్ళమీద తేలే హంస బొమ్మని గుర్తుగా పెట్టుకుంది. తెడ్లు నీళ్ళ కింద ఎంత ఆడినా హంస పైకి కదలనట్టే ఉంటుంది కదా, ఇంతకన్నా మంచి గుర్తు నాకు తోచడం లేదు.

ఇక్కడ గమనించాల్సింది, వాళ్ళు వణుకుని ఆపలేదు. "వణుకు, కానీ నీ మటుకు నువ్వు వణుకు" అని ఇంజనుకి జాగా ఇచ్చారు. ఈరోజు మన కార్లలో ఉన్న మౌంటింగులన్నీ ఆ ఆలోచనకి మనవలే. 1970ల చివర్నించీ రబ్బరు లోపల ద్రవం నింపిన హైడ్రాలిక్ మౌంటింగులు కూడా కార్లలోకి వచ్చాయి.

అంబాసిడర్ నుంచి మారుతికి

మన దగ్గర 1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్లో ఇంజను నిలువుగా, అంటే కారు పొడవునా ఉండేది. కార్బొరేటరు, పాయింట్లు, ట్యాపెట్లు అన్నీ మెకానిక్ చెవి మీదే ఆధారం. బండి ఐడ్లింగులో వణికితే మొదటి వైద్యం స్క్రూడ్రైవరు తీసి స్లో పెంచడం. నిజంగా జబ్బు పాయింట్ల గ్యాపులో ఉన్నా, వాల్వులో ఉన్నా సరే, స్లో పెంచితే అప్పటికి వణుకు కనపడదు. పెట్రోలు మాత్రం రోజూ ఎక్కువ తాగుతుంది. సర్వరు నెమ్మదిగా ఉంటే మెమొరీ పెంచే వైద్యం మనకి తెలిసిందేగా.

1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ, ఇంజను అడ్డంగా, ముందు చక్రాలకి పవరు. ఇంజను అడ్డంగా కూర్చోవడంతో ఒరుగుడు పక్కలకి కాకుండా ముందుకీ వెనక్కీ అయింది. పైగా గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ అన్నీ ఇంజనుతోనే కలిసి ఉండడంతో, ఆ తిప్పే బలమంతా కూడా ఈ కాళ్ళే మొయ్యాలి. అందుకే ఇట్లాంటి చాలా కార్లలో కుడివైపొకటి, ఎడమవైపొకటి కాక, ఒరుగుడుని పట్టి ఆపే మూడోది ఒకటి కింద వెనకగా ఉంటుంది.

మూడు సిలిండర్లు మన దేశంలో పాతుకుపోవడానికి పన్నులు కూడా కారణం. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకి ఎక్సైజు సుంకం తగ్గించారు. చిన్న ఇంజను చేసినవాడికి లాభం. ఢిల్లీలో ఆర్థికమంత్రి తీసుకున్న నిర్ణయం ట్రంకు రోడ్డులో నా అరచేతికి తగుల్తోందన్నమాట.

ఇంకో పొర కంప్యూటరుది. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చి కార్బొరేటర్లు పోయాయి. స్లో స్క్రూ ఉద్యోగం ఈసీయూకి వెళ్ళింది. ఏసీ కంప్రెసరు అందుకోగానే అదే గాలి పెంచి ఆర్పీఎం పడిపోకుండా చూసుకుంటుంది. మంచిదే, కానీ అది చిన్నచిన్న లోపాల్ని సర్దేస్తుంది కూడా. ప్లగ్గు కొంచెం బలహీనమైనా, గొట్టంలోంచి కొంచెం గాలి లీకైనా, హద్దు దాటేదాకా లైటు వెలగదు. లైటు వెలగలేదంటే ఈసీయూ చూడగలిగినవాటిలో పెద్ద లోపం లేదని మాత్రమే అర్థం.

కాస్త లెక్క

మనవాళ్ళకి అంకెలు లేకపోతే తోచదు కాబట్టి ఇదీ చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. 750 ఆర్పీఎంలో సెకనుకి 25 దెబ్బలు. మూడు సిలిండర్లది చుట్టుకి ఒకటిన్నర. 800 ఆర్పీఎంలో సెకనుకి 20 దెబ్బలు. ఒక సిలిండరు సరిగా పేలకపోతే ఆ లోటు రెండు చుట్లకి ఒకసారి వస్తుంది, అంటే సెకనుకి ఆరేడు. కాబట్టి చెయ్యే సగం చెప్పేస్తుంది. గంతులు లెక్కపెట్టగలిగేటట్టు, తడబడుతున్నట్టు ఉంటే మంట సరిగా లేదు: ప్లగ్గు, కాయిలు, ఇంజెక్టరు, గాలి లీకు, కంప్రెషను చూడాలి. తేనెటీగ పట్టుకున్నట్టు ఒకే తీరుగా జుమ్మంటుంటే ఇంజను బాగుంది, కాళ్ళు చూడాలి.

మౌంటింగు పనిచేసేది స్ప్రింగులాగా. దాని సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్లు దాటిన ఊపుల్నే అది తగ్గిస్తుంది. అంతకన్నా తక్కువైతే తగ్గించకపోగా పెంచుతుంది! కొత్త రబ్బరు మెత్తగా ఉండి ఆ పౌనఃపున్యం 20కి చాలా కిందుంటుంది. ఏళ్ళు గడిచి రబ్బరు గట్టిపడితే అది పైకి జరుగుతుంది. పూర్తిగా చిరిగితే ఇనుముకి ఇనుము తగిలి ఊపు నేరుగా బాడీలోకి పోతుంది. నాలుగు సిలిండర్ల 25కన్నా మూడు సిలిండర్ల 20 దగ్గర్లో ఉంటుంది కాబట్టి వీటికి ముందు బయటపడుతుంది. చవగ్గా వస్తోందని గట్టి రబ్బరు మౌంటింగు వేయిస్తే కొత్తదైనా వణుకు పోనిది కూడా ఇందుకే.

స్టీరింగుకీ తనదైన పౌనఃపున్యం ఒకటుంటుంది. ఐడ్లింగు ఊపుకి దూరంగా, చాలా కార్లలో 30కి పైన ఉండేటట్టు చూస్తారు. ఇప్పుడు నాలుగు సిలిండర్ల బండికి స్లో 900కి పెంచారనుకోండి, దెబ్బలు సెకనుకి 30 అవుతాయి. దాచబోయి దొంగని ఇంట్లోకే పిలిచినట్టు.

ఉప్పుగాలి

మరి నా కారు కాళ్ళు అంత త్వరగా ఎందుకు పోయాయి? మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న గాలి గురించి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. కిటికీ ఊచల్ని తినే ఉప్పు కారునీ తింటుంది. మౌంటింగు పట్టే ఇనుప బ్రాకెట్టు తుప్పుపట్టి రబ్బరుకీ ఇనుముకీ ఉన్న అతుకు ఊడుతుంది. బ్యాటరీ నుంచి బాడీకీ ఇంజనుకీ పోయే ఎర్తు వైరు కొసలు పాచి పడతాయి, దాంతో కరెంటు సరిగా అందక స్పార్కే బలహీనమవుతుంది. ఎండకి రబ్బరు ఎటూ గట్టిపడుతుంది. వీటన్నిటికీ తోడు పైనుంచి ఇంజనాయిలు కారిందా, మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడి చచ్చిపోతుంది. నా కారులో జరిగింది ఇదే. వాల్వు కవరు దగ్గర ఆయిలు చెమర్చి కుడివైపు మౌంటింగు మీదకి దిగింది. లీకు ఆపకుండా మౌంటింగు ఒక్కటే మార్చి ఉంటే ఏడాదికల్లా మళ్ళీ అదే పాట.

వెతికే వరస

నేను నేర్చుకున్న వరస చెబుతాను. ముందు ఆగివున్న బండిలో ఏసీ కట్టేసి, వేసి, తేడా చూడండి. ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కి న్యూట్రల్లో ఒకసారి, డ్రైవులో ఒకసారి. డ్రైవులో మాత్రమే ఎక్కువైతే కాళ్ళమీదే అనుమానం. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి 1500కి తీసుకెళ్ళండి. అప్పుడు వణుకు పోతే అది కూడా కాళ్ళవైపే చూపిస్తుంది, తడబాటు మిగిలితే మంటవైపు. ఆ తర్వాతే స్కానరు. కోడ్ ఉందా లేదా అని కాకుండా, మిస్‌ఫైరు లెక్క ఏ సిలిండరుకి పెరుగుతోందో చూపించమని అడగండి. పాతరోజుల్లోలాగా ఇంజను ఆడుతుండగా ప్లగ్గు వైరు పీకి చూసే పని ఇప్పటి కాయిళ్ళతో చెయ్యొద్దు, షాకు తగుల్తుంది, కాయిలూ పోతుంది. మంట బాగుంటే అప్పుడు బానెట్ ఎత్తి ఫస్టు, రివర్సు పరీక్ష. చూసేవాళ్ళు పక్కన ఉండాలి, బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. ఆఖరి రుజువు కావాలంటే మెకానిక్ చెక్క దిమ్మ పెట్టి జాకీతో గేర్‌బాక్సు కింద కొద్దిగా ఎత్తి పడతాడు, వణుకు తగ్గితే తీర్పు వచ్చేసినట్టే.

నా బండికి కంపెనీ మౌంటింగు ఒకటి, వాల్వు కవరు గ్యాస్కెట్టు ఒకటి పడ్డాయి. అంతకుముందు అనవసరంగా పెట్టిన ఖర్చులో సగం కూడా కాలేదు. వణుకు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. చెయ్యి పెట్టి ధ్యాస పెడితే సన్నగా తెలుస్తుంది. అదేంటని అడిగితే ఆ మెకానిక్ నవ్వి, "మూడు సిలిండర్ల బండన్నా, ఆ మాత్రం ఉండాల్నే" అన్నాడు. లాంచెస్టరు ఉండుంటే ఆయనా ఆ మాటే అనేవాడు, ఇంకొంచెం ఎక్కువ లెక్కలతో.

ఒక్క బాధ మాత్రం మిగిలింది. ఆ షెడ్డులో పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. "పిల్లోళ్ళందరూ ఫోన్లో కోడు చూసేదానికే వస్తా ఉండారన్నా, చెయ్యి పెట్టి చూసేదానికి కాదు" అన్నాడాయన. కోడ్లు రాసి బతికేవాణ్ణి, ఏమని జవాబు చెప్పను?